మెయిలు వెళ్ళాక ఒక పొట్లం

1918 అక్టోబరు 9, బుధవారం

డైరీ, నిన్న నువ్వు చెప్పింది తప్పు. "నరసమ్మకి మామూలు పడిశం" అని ఉంది నీ మీద, నల్ల సిరాతో. రాసింది నేనే, అయినా తప్పు నీదే అనుకుంటాను. నేను మాట అన్నా ఏడవకుండా ఉండేది ఈ ఇంట్లో నువ్వొక్కదానివే.

పడిశం కాదు. ఊరంతా పాకుతున్న బొంబాయి జ్వరం. ఒళ్ళు పెనంలా కాలుతోంది. లేవబోయి గోడ పట్టుకుంది. నా అన్న కూతురు, నా కోడలు — రెండు వరసల్లోనూ తిట్టే హక్కు ఉంది నాకు. ఇవాళ ఒక్క మాటా అనలేదు. దానికి అదే ఎక్కువ భయం వేసినట్టుంది.

సన్యాసి రైలు గార్డు డ్యూటీ మీద లైన్లోకి వెళ్ళి మూడు రోజులు. కొడుకు లేడు, కోడలు లేవలేదు. సీసా పట్టుకుని రైల్వే డిస్పెన్సరీకి నేనే.

అక్కడ వరస గేటు దాటి రోడ్డు మీదికి. డాక్టరుగారూ పడకేశారట. మందులన్నీ కాంపౌండరు అప్పారావు చేతుల మీదుగానే. ఒక్కొక్కరికీ వేరుగా కలపడం మానేశాడు. పెద్ద జాడీలో ఒకటే మిక్స్చరు — దగ్గుకీ అదే, జ్వరానికీ అదే, ఊరికే వచ్చి నిలబడ్డవాళ్ళకీ అదే. సీసాకి అంటించే గాట్ల కాగితం కూడా లేదు.

"ఎంత తాగాలో ఎలాగ తెలుస్తాది?" అన్నాను.

"కాగితం లేదు మామ్మగారూ. యుద్ధం." ఏది లేకపోయినా యుద్ధమే. "ఇదిగో, ఇవి పొట్లాలు. ఆస్పిరిన్. కొత్త మందు. నాలుగ్గంటలకొకటి. కిటికీలు మూసీండి, గాలి తగలకూడదు."

ఇంటికొచ్చి కాగితం నేనే కత్తిరించి, గాట్లు పెట్టి, గంజితో అంటించాను. అప్పారావు గాట్ల కంటే నావే సమానంగా ఉన్నాయి.

అక్టోబరు 10

మా ఇంట్లో గడియారం లేదు. ఉన్న ఒక్కటీ సన్యాసి జేబులో. ముప్పై ఏళ్ళుగా లోటు తెలియలేదు — పొయ్యి వెలిగించేది రైలుని బట్టి, పప్పు దింపేది రైలుని బట్టి. మందూ అంతే. పొద్దున ఆరింటి మెయిలు వెళ్ళాక ఒక పొట్లం. పది గంటల ప్యాసింజరుకి ఒకటి. రెండింటి బొగ్గు గూడ్సుకి ఒకటి. సాయంత్రం మెయిలుకి ఒకటి.

నరసమ్మ నవ్వింది, పగిలిన పెదవులతో. "అత్తా, మందు కూడా డ్యూటీ ఎక్కిందేటి."

కిటికీలకి గోనెపట్టాలు కట్టాను. పట్టపగలు దీపం.

అక్టోబరు 11, శుక్రవారం

పొట్లాలు పనిచేస్తున్నాయి. చెమట — చీర మూడుసార్లు మార్చాను. ఒళ్ళు చల్లబడింది. అప్పారావుని అన్న మాటల్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను. సగమే.

డిస్పెన్సరీ గోడ మీద క్వినైను వాడమని ఇంగ్లీషు నోటీసు. దాని కిందే నిలబడి అప్పారావు క్వినైను వద్దంటున్నాడు. నోటీసు ఎందుకు తీయలేదయ్యా అంటే, పెద్దాఫీసు హుకుం లేకుండా తీయకూడదట.

అక్టోబరు 12

ఒళ్ళు చల్లగానే ఉంది. మనిషే బాగోలేదు.

"అత్తా, ఆ ఇంజను ఈల ఆపమను" అంటుంది. ఈల లేదు. నేను తలుపు తీసి మరీ విన్నాను... లేదు. ఊపిరి గబగబా తీస్తోంది, మెట్లెక్కి వచ్చినట్టు. పొట్లం మింగిన వెంటనే వాంతి.

జ్వరం తగ్గితే మనిషి తేరుకోవాలి కదా. ఇదేటి?

అక్టోబరు 13, ఆదివారం

సన్యాసి వచ్చాడు. ముఖం నిండా మసి. నరసమ్మని చూసి, నన్ను చూసి, మందు ఎలా ఇస్తున్నానని అడిగాడు. చెప్పాను — మెయిలు, ప్యాసింజరు, గూడ్సు, మెయిలు. గొప్పగానే చెప్పాను.

వాడు జేబులోంచి గడియారం తీసి చూశాడు.

"అమ్మా, బళ్ళు టైముకి ఎక్కడ నడుస్తన్నాయి? డ్రైవర్లు పడిపోయారు, ఫైర్‌మన్లు పడిపోయారు. శుక్రవారం పొద్దుటి మెయిలు పదింటికి వచ్చింది. దాని వెనకే ప్యాసింజరు, దాని వెనకే గూడ్సు. వరసగా వదిలీసారు."

మూడు రైళ్ళు. గంటలోపు మూడు పొట్లాలు. నిన్న కూడా ఇంచుమించు అంతేనట.

గోనెపట్టాల చీకటి. ఎండ ఎక్కడుందో చూడలేదు. వంట లేక ఆకలి కూడా టైము చెప్పడం మానేసింది. కూర్చున్నచోటే కునుకు — కూత వినగానే లేచి పొట్లం విప్పడం. మిషను బడిలో లెక్కల్లో ఫస్టు వచ్చినదాన్ని. మూడు కూతలకి మధ్య ఎంతసేపో తోచలేదు.

అక్టోబరు 14

అప్పారావుకి అంతా చెప్పాను. ముందు నవ్వబోయి, ఆగిపోయాడు.

"ఎక్కువైతే ఏటవుతాది?"

"చెవులు మోగుతాయి. చెమట, వాంతులు. ఊపిరి ఎగతన్నుతాది."

"అంటే మందు వల్లే."

"ఆగండి మామ్మగారూ. ఈ జ్వరం ముదిరినా అవే వస్తన్నాయి. ఇంజను షెడ్డులో ఇద్దరికి పొట్లం ఇవ్వకుండానే వచ్చాయి."

"అయితే దీనికి ఏది?"

తెలీదన్నాడు. ఆ మాట అన్నందుకు మొదటిసారి వాడి మీద గౌరవం కలిగింది. మెల్లగా ఇంకో సంగతి — డాక్టరుగారు రాసిన మోతాదే పుస్తకంలోని దానికి రెండింతలట. వాడు అడిగితే, ఇది మామూలు జ్వరం కాదు, పుస్తకం పాతది అన్నారట.

డాక్టరుగారికి చీటీ పంపాను. పడక మీంచే జవాబు: మందు ఆపవద్దు. అప్పారావు: సగం చేయండి. సన్యాసి: మానీ అమ్మా. ముగ్గురూ నా మేలు కోరేవాళ్ళే. ఎవరి మాట ఎందుకు వినాలో ఒక్కరూ చెప్పలేదు.

అక్టోబరు 15

మానేశాను.

జ్వరం మళ్ళీ ఎక్కింది. చెవుల్లో ఈల మాత్రం తగ్గిందట. ఊపిరి... తగ్గిందా? లెక్కపెడుతున్నాను. లెక్కపెడుతుంటే నా ఊపిరే తప్పుతోంది.

మానడం తప్పేమో. ఇవ్వడం తప్పేమో. ఇచ్చిందే తప్పయితే, మానినందువల్ల ఒప్పవుతుందా?

రైళ్ళ పొరపాటు దానికి చెప్పేద్దామని పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకుంది. "నాకేటి భయం అత్తా... నువ్వు ఏది చేసినా టైముకి చేస్తావు."

తడిబట్ట మార్చి లేచి వచ్చేశాను.

అక్టోబరు 16

డాక్టరుగారు లేచి, కర్ర పట్టుకుని డిస్పెన్సరీకి వచ్చారట. పొట్లాల సంగతి తేల్చలేదు. జ్వరం దిగడానికి తల మీద ఐసు పెట్టమన్నారు. అప్పారావు కూడా అదే అన్నాడు. వారంలో ఇద్దరూ ఒకే మాట అన్నది ఇదే.

కాబట్టి, సన్యాసి నిద్ర లేవగానే వాడికి చెప్పవలసినవి:

స్టేషను రిఫ్రెష్‌మెంటు రూముకి వెళ్ళు. ముందు తలుపు దొరల కోసం, వెనక వంటగది తలుపు దగ్గర వంటవాణ్ణి, ఆ ఖాన్సామాని అడుగు. చేపల పెట్టెలో ఐసు ఇస్తానంటాడు, వద్దను. తాగే నీళ్ళ ఐసే కావాలి. రంపపు పొట్టు వేసి గోనెలో చుట్టించు. నెత్తిన పెట్టుకోకు, చంకలో పెట్టుకో. దారిలో నరసమ్మకి ఎలా ఉందని ఎవరడిగినా ఆగకు. ఎండ ఎక్కితే కరిగిపోతుంది.