నల్ల పెరట్లో తెల్ల కోళ్లు

అక్టోబర్ 6, సోమవారం

పొద్దున్నే కోళ్ల గూడు తలుపు తీశాను. నలుపు, ముదురు గోధుమ, మళ్లీ నలుపు... తెల్లది ఒక్కటీ లేదు. ఈ బొగ్గుగని క్వార్టర్‌కు వచ్చిన కొత్తలో అత్తమ్మ కోళ్లు సగానికి సగం తెల్లవి. బొగ్గు దుమ్ముకు నల్లబడ్డ నేల, పైన గద్ద. తెల్లది ముందుగా దాని కంటబడుతుంది, పోతుంది. నల్లది మిగులుతుంది, గుడ్లు పొదుగుతుంది. ఎక్కడో దూరదేశపు ఉదాహరణలతో ఇన్నేళ్లూ చెప్పిన పరిణామ పాఠం నా పెరట్లోనే నడుస్తోంది!

పదో తరగతికి ఇవాళ ఇదే చెప్పాను. వెనక బెంచీ కూడా వింది.

అక్టోబర్ 8

స్రవంతి స్టాఫ్‌రూముకు వచ్చింది. "టీచర్, సైన్స్ ఫెయిర్ల మీ కోళ్ల ముచ్చటే పెడ్త." జిల్లా దాకా పోవాలని పోయినేడు నుంచీ దాని ఆశ. చార్టు అప్పుడే గీసేసింది. గద్ద మరీ లావు — విమానంలా ఉంది. ఆ మాట నన్ను అననివ్వలేదు.

సంతోషం. రోజంతా.

అక్టోబర్ 12, ఆదివారం

మధ్యాహ్నం మా ఇంట్లో ప్రార్థన కూడిక. మరిది నస్పూర్ నుంచి వచ్చాడు, వాక్యం అతనే చెప్పాడు. పాస్టరయ్యాక గొంతు పెరిగింది. భోజనాల దగ్గర మొదలుపెట్టాడు — "వదినా, మీ తాత కోతి అయితె కానియ్యి. మా తాత మాత్రం మట్టి."

మట్టి నుంచి కోతి దాకా దారి ఉందనే కదా నేననేది, అన్నాను. అందరూ నవ్వారు. ఊరుకోవచ్చు కదా... కోళ్ల సంగతి ఎత్తాను. గద్దకు ఎవరూ చెప్పలేదు, ప్రకృతే ఏరింది, చూడు మా పెరడు, అని.

కూర వడ్డిస్తున్న అత్తమ్మ గరిటె ఆపింది.

"గద్దేంది? తెల్లటియి నేనే కోసిన. దుమ్ము వడి ఎప్పుడు సూడు మాసినట్టు కనవడ్తయి. ఇంటికెవలొచ్చినా ముందు తెల్లదాన్నే వట్టుకునేది."

మరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితె ప్రకృతంటె మా అమ్మేనా వదినా!"

నేనూ నవ్వాను. చేతిలో ముద్దను మళ్లీ పళ్లెంలో పెట్టేశాను.

అక్టోబర్ 13

అత్తమ్మను అడిగాను — ఎన్ని నువ్వు కోశావు, ఎన్ని గద్ద ఎత్తుకుపోయింది? — "గద్ద గూడ ఎత్కపోయింది. ఎన్నని జెప్పాలె? రాసి పెట్టుకున్ననా?"

నా కళ్లతో నేను చూసింది ఎంత? గద్ద పిల్లను తన్నుకుపోవడం ఏ రెండు మూడుసార్లో. అందులో ఒకటి నల్లది. ఆ నల్లది ఇన్నాళ్లూ గుర్తుకు రాలేదు. ఇప్పుడు వస్తోంది.

నా కోళ్లు అబద్ధమైతే సిద్ధాంతం కూలిపోదు. అది తెలుసు. కానీ స్రవంతి పదిమంది ముందు నిలబడి నా తొందరపాటును తన గొంతుతో చెబుతుంది. ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగితే తలొంచుకునేది తనే.

అక్టోబర్ 14

స్రవంతికి చెప్పేశాను. ముఖం వాడిపోయింది.

"అంటె అబద్ధమా టీచర్?"

అబద్ధమని కాదు, తెలియదు.

"తెల్వదని చార్టు మీద ఎట్ల రాయాలె?"

సాయంత్రం షేర్ ఆటో ఎక్కబోతుంటే ఉరుక్కుంటూ వచ్చింది. "సూద్దం టీచర్. తెల్లటియి, నల్లటియి కల్పి పొదగేద్దం. మీ అత్తమ్మకు కొయ్యద్దని చెప్పున్రి. గద్ద దేన్ని ఎత్కపోతదో సూద్దం."

ఇంటిదాకా నవ్వుకుంటూనే వచ్చాను.

అక్టోబర్ 16

అత్తమ్మ ఒప్పుకుంది. "మీ సైన్సు అయ్యేదాక కత్తి ముట్ట. సుట్టాలొస్తె పప్పే, ముందే చెప్తాన."

తెల్లకోడి గుడ్లు కావాలి. మరిది ఇంట్లో ఉన్నాయి. ఎందుకో చెప్పే అడిగాను — దాచలేదు. తవుడు డబ్బాలో పెట్టుకుని బస్సులో ఒళ్లో పట్టుకుని తెచ్చాడు. "ఇవి దేవుణ్ణి నమ్మిన గుడ్లు వదినా, పైలం."

ఈ మనిషితో ఎంత వాదించినా కోపం రాదు.

అక్టోబర్ 26

వాన. కోడి గుడ్ల మీంచి లేవదు. ఈయన డ్యూటీ దిగి వచ్చి చాయ్ తాగుతూ దాన్నే చూస్తూ కూర్చున్నాడు. "ఆదివారం గూడ దీనికి షిఫ్టేనా?"

నవంబర్ 6

గుడ్లు పగిలాయి. నల్ల పిల్లలు, పసుపు పిల్లలు. పసుపువే పెద్దయితే తెల్లబడేవి. ఒకటి ఇంకా పెంకును లోపలి నుంచి కొడుతూనే ఉంది...

మొదటి ప్రాణం ఎక్కడిది, అని మరిది అడిగినప్పుడల్లా సముద్రాలు, వేడి, రసాయనాలు అని చెబుతాను. అసలు తెలియదనే మాట చివర్లో మెల్లిగా అంటాను. ఇవాళ ఈ వెచ్చటి ముద్దను అరచేతిలో పెట్టుకుని పైకే అన్నాను, తెలియదు అని. భయం వేయలేదు. హాయిగా ఉంది.

నవంబర్ 10

పిల్లలను పెరట్లోకి వదిలాం. స్రవంతి షరతు — "ఎవ్వరు అదిలియ్యద్దు. గద్ద పని గద్దను చెయ్యనియ్యాలె." తల్లికోడి అడ్డం పడితే పడనీ, మనుషులు మాత్రం కదలొద్దు.

అత్తమ్మ ముఖం చిట్లించింది. "కండ్లముందట ఎత్కపోతాంటె సూస్కుంట కూసోవాల్నా? ఏం సదువే ఇది."

ప్రయోగం అంటే అంతే అత్తమ్మా, అన్నాను. ఎంత ధీమాగా అన్నాను!

నవంబర్ 12

సాయంత్రం బట్టలు తీస్తున్నాను. నేల మీద నీడ తిరిగింది. తల్లి రెక్కలు విప్పి అరిచింది, పిల్లలన్నీ లోపల దూరాయి. ఒక్కటి దూరంగా, నీళ్ల తొట్టి దగ్గర. పసుపుది.

నాకు కావలసింది ఇదే కదా. ఆ పిల్ల పోతే స్రవంతి చార్టుకు బలం వస్తుంది. నిలబడాలి. కదలకూడదు. ఇంతవరకూ స్పష్టంగా గుర్తుంది.

తర్వాత తొట్టి దగ్గర ఉన్నాను. తువాలు గాల్లో తిప్పుతున్నాను, కాళ్లకు చెప్పుల్లేవు, ఏదో అరుస్తున్నాను.

గద్ద పోయి నీలగిరి చెట్టెక్కింది. అత్తమ్మ తలుపు పట్టుకుని ఒకటే నవ్వు. "నన్ను కూసోవెట్టి నువ్వు ఉరికితివా బిడ్డా!"

పిల్లకు ఏమీ పట్టలేదు. నా కాలి పక్కన ఏదో ఏరుకుని తింటోంది.

రేపు స్రవంతికి ఏం చెప్పాలి? గద్ద వచ్చింది, దేన్నీ ఎత్తుకుపోలేదు — నిజం. టీచర్ ఉరికింది — అదీ నిజమే. అదీ రాసుకోమనాలా? చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదని, నన్ను బడికి పంపి పెరట్లో తననే కూర్చోమని చెప్పాలా... తనైనా ఊరుకోగలదా?

చెట్టు మీద గద్ద ఇంకా అక్కడే ఉంది. తువాలు లోపల పెట్టబుద్ధి కావడం లేదు.