వెండి వేళ్లు

అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కరించి రాసేది. ఇక్కడ మీ అబ్బాయి, నేను, స్నానాల గది కిటికీలో వేలాడుతున్న మీ పదకొండు ఆర్కిడ్లు, అందరం కులాసా. మీరు వెళ్లి దగ్గరుండి చూసుకోబట్టి, ఆరు నెలల తర్వాత వదినగారు చేతికర్ర పక్కన పెట్టి నడిచారని చదివి మనసు తేలికపడింది.

మీరు అడిగినవాటికి వరసగా జవాబులు. నీళ్లు పొద్దున రెండుసార్లు, సాయంత్రం ఒకసారి చల్లుతున్నాను. వాననీళ్లే. తేమ మీటరు డెబ్బై కిందికి దిగితే తడి తువ్వాలు ఆరేస్తున్నాను. ఏ రోజుది ఆ రోజు నోటుబుక్కులో ఎక్కిస్తున్నాను. నిన్న మీ అబ్బాయి తలుపు బయట నిలబడి, "స్నానానికి నాకు వంతుందా, మొక్కల్నడిగి రావాలా?" అన్నారు. "వేణ్ణీళ్లు పోసుకోండి, ఆవిరి వాటికి మంచిది" అన్నాను. ఇప్పుడు ఆయన స్నానం కూడా మొక్కల ఖాతాలోదే.

పదకొండింటిలోకీ చిన్న మొక్క గురించి, "చిట్టిది ఎలా ఉంది?" అని మూడు ఉత్తరాల్లో అడిగారు. మూడుసార్లూ "బాగుంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. అది అబద్ధం.

మీరు బయల్దేరిన నాలుగో రోజున దాని వేళ్లు తెల్లగా, వెండి తీగల్లా కనిపించాయి. ఎండిపోయాయనుకున్నాను. ఇరవై రెండేళ్లుగా ఆకుకూరలు బాగుచేస్తున్న చెయ్యి, ఊరుకోలేదు. కత్తెర తెచ్చి తొమ్మిది వేళ్లు శుభ్రంగా తీసేశాను. ఆ తర్వాత నీళ్లు చల్లితే, మిగిలిన రెండూ నా కళ్లముందే పచ్చబడ్డాయి. అవి ఎండినవి కావు, దాహంతో ఉన్నవి. బకెట్ బోర్లించి దానిమీదే కూలబడ్డాను. ఇన్నేళ్లూ "నువ్వు వీటి జోలికి రాకమ్మా" అని మీరెందుకన్నారో తెలిసొచ్చింది.

వారంలో మూడాకులు రాలాయి. మొక్కలమ్మే ఆయనకు తీసుకెళ్లి చూపిస్తే, "ఇది పోయినట్టేనమ్మా. అచ్చం ఇలాంటిదే ఇంకోటిస్తాను, మీ అత్తగారికి తెలీదు" అన్నాడు.

"మీకు మా అత్తగారి సంగతి తెలీదు" అని వచ్చేశాను.

వేలెడంత కొత్త బెరడు ముక్క మీద చిటికెడు నాచు పరిచి, ఆ రెండు వేళ్లూ దానికి ఆనేలా చేపల గాలం దారంతో మూడు చుట్లు చుట్టాను. బిగిస్తే నలుగుతుంది, వదిలితే ఊగుతుంది. జడ అల్లేటప్పటి పట్టు సరిగ్గా సరిపోయింది. గాజు జాడీలో వేలాడదీసి, మూత ఓరగా పెట్టాను. అరవై మూడో రోజున పచ్చటి మొనతో కొత్త వేరు వచ్చింది. ఇప్పుడు ఆరున్నాయి.

ఇవాళ పొద్దున పూసింది, అత్తయ్యగారూ. బియ్యపుగింజంత పువ్వు. మీ భూతద్దం పెట్టి చూస్తే లోపల ఊదా చుక్క. మీ దగ్గరున్న నాలుగేళ్లలో ఒక్కసారీ పూయలేదు కదా! గొప్పలు పోతున్నాననుకుంటారేమో. పోతున్నాను.

వచ్చే ఆదివారం మీరొస్తారు. నోటుబుక్కు కిటికీ పక్కనే ఉంటుంది. తొమ్మిది వేళ్ల పేజీ చింపేద్దామని రెండుసార్లు చెయ్యి వెళ్లింది. చింపలేదు. తిట్టేదంతా తిట్టండి, నిలబడి వింటాను. సాయంత్రం నీళ్లు మాత్రం ఇకమీదట నేనే చల్లుతాను.

ఇట్లు,
మీ చిట్టిదాన్ని పూయించిన
కోడలు