ఆషాఢానికో వానకోటు

బూరుగుపాలెం,
14-7-86

చిరంజీవి అల్లుడు బాబు గురునాథరావుకి మామ అప్పలసూరి ఆశీస్సులు.

ఎప్పుడూ ఉత్తరం అమ్మాయి చిలకమ్మ చేత రాయిస్తాను. ఇది మాత్రం స్వయంగా రాస్తున్నాను, వంకర అక్షరాలు సర్దుకుని చదువుకోండి. పిల్ల ఇక్కడ కులాసా. ఆషాఢం వెళ్ళేదాకా కొత్తల్లుడు అత్తారి గడప తొక్కకూడదు గనుక మీరు ఉక్కునగరంలో, అది మా ఇంట్లో. ఏం చేస్తాం, పెద్దలు పెట్టిన ఆచారం.

మీతో ఒక పని పడింది. రెండు చక్రాల బండి మీద తిరిగే మనిషికి మంచి వానకోటు కావాలి. పూర్ణా మార్కెట్లో చూడండి. నాకు కొంటున్నట్టే చూడండి. కొట్టువాడి మాట నమ్మకండి. కడవ కొన్నా కోటు కొన్నా పరీక్ష ఒకటే, నీళ్ళు పోసి చూడటం. చెయ్యి చివర ముడేసి, నిండా నీళ్ళు పోసి, అరగంట వేలాడదియ్యండి.

ఇట్లు
మీ మామ

తా.క.: నిన్న ఆదివారం ఇక్కడ మూడు నుంచి అయిదు దాకా వాన దంచేసింది. మీ దగ్గర పడిందా?

ఉక్కునగరం,
17-7-86

పూజ్యులైన మామయ్యగారికి గురునాథరావు నమస్కారాలు.

నిన్న పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాను. కొట్లో మీ పరీక్ష మొదలుపెట్టగానే యజమాని శ్రీరామ్మూర్తి, "ఏటి బాబూ, కోటు కొంతావా, కోటుకి తానం సేయిత్తావా?" అన్నాడు. అయినా నేను వదల్లేదు. మొదటిది పల్చటి ప్లాస్టిక్, చంకలోంచి ధార కట్టింది. రెండోది మందపాటి గుడ్డ. లోపల రబ్బరు పూత, ప్రతి కుట్టు మీదా లోపలినుంచి పట్టీ అతికించి ఉంది. గంటసేపు వేలాడినా చుక్క రాలలేదు. చివరికి శ్రీరామ్మూర్తి కూడా కుర్చీ వేసుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. గుడ్డ ఎంత మంచిదైనా గట్టితనమంతా కుట్టులోనే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

ఇంతకీ ఎవరికండీ? మీకు సైకిలు కూడా రాదు కదా. కొలత చెబితే కొంటాను.

మీ విధేయుడు
గురునాథరావు

తా.క.: ఆదివారం నాకు డ్యూటీ, వాన సంగతి తెలియదు. అక్షరాలు చెదిరినందుకు మన్నించండి, తుమ్ములు. డ్యూటీలో ఫ్యాను గాలి పడలేదు.

బూరుగుపాలెం,
21-7-86

అల్లుడు బాబుకి ఆశీస్సులు.

కొలతకేం, మీరు తొడుక్కుని చూడండి. ఆ మనిషి మీ అంతే ఉంటాడు. బండి దిగి రెండేసి గంటలు వానలో నిలబడతాడు గనుక మోకాళ్ళ కిందికి రావాలి. పసుపు రంగు మాత్రం వద్దు, మూడు మళ్ళ అవతల ఉన్నా మా డాబా మీంచి కనబడుతుంది.

తొందరగా పంపండి. ఊరి బయట తూము దగ్గర ఆదివారం ఆదివారం ఎవరో నక్కి ఉంటున్నాడని మా పాలేరు సూరన్న చెప్పాడు. ఇక ఊరుకుంటే లాభం లేదు.

ఇట్లు
మీ మామ

తా.క.: చిలకమ్మకి ఆదివారాలు గేదె మీద ప్రేమ ఎక్కువైంది. గడ్డి వెయ్యడానికి టిఫిన్ క్యారియర్ పట్టుకెళుతోంది.

ఉక్కునగరం,
24-7-86

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి కంగారుపడ్డాను. అంటే, మీ పంట గురించి. కోటు సూరన్నకా? పాపం అతన్ని వానలో కాపలా పెట్టడం న్యాయమా? తూము దగ్గరి మనిషి దొంగే అయి ఉండాలని ఏముంది? ఎవరో మంచి కుటుంబం కుర్రవాడు, వానకి ఆగి ఉంటాడు. ఉద్యోగం కూడా ఉండే ఉంటుంది.

అయినా మీ మాట కాదనలేక బస్సులో కోటు పంపుతున్నాను. పసుపు రంగు ప్లాస్టిక్‌దే. కాపలావాడు దూరం నుంచే కనబడితే దొంగ ముందే పారిపోతాడు, గొడవ ఉండదు. పైగా ఇది నడుస్తుంటే బాగా చప్పుడు చేస్తుంది.

మీ విధేయుడు
గురునాథరావు

తా.క.: ఈ ఆదివారం గేదెకి ఉపవాసం మంచిదని చిలకమ్మకి తప్పక చెప్పండి.

బూరుగుపాలెం,
28-7-86

అల్లుడు బాబుకి ఆశీస్సులు.

పసుపు కోటు అందింది. చెయ్యి ముడేసి నీళ్ళు పోస్తే నా కాళ్ళు తడిశాయి. తిప్పి పంపుతున్నాను.

గేదె ఉపవాసం సంగతి చిలకమ్మకి చెప్పాను. అయినా నిన్న వెళ్ళింది. దీపాలవేళ దాకా తూము దగ్గర నిలబడి, మూత తియ్యని క్యారియర్‌తో తిరిగొచ్చింది. అన్నం ముట్టలేదు. పిల్ల అలా కూర్చుంటే నాకూ ముద్ద దిగలేదు.

బాబూ, కోటు సూరన్నకి కాదు, మీకు. మొదటి ఆదివారమే మీరు తడుస్తుంటే మా అమ్మ అసిరమ్మ డాబా మీంచి చూసింది. "ఒరే సూరీ, ఆసాడంలో అల్లుడు గడప తొక్కకూడదన్నారు గానీ, తడవాలని ఎవులన్నార్రా? ఆడికేటైనా అయితే పిల్ల గతేటి?" అని నన్ను తిట్టిపోసింది. మీకే కొనుక్కోమంటే ఆ చంకలు కారేదానితో సరిపెట్టుకుంటారు. అందుకే నాకు కొంటున్నట్టు చూడమన్నాను. మీరేమో దొంగ తరఫున వకాల్తా పుచ్చుకున్నారు.

శ్రీరామ్మూర్తి కుర్చీ వేసుకుని చూసిన కోటే కొనండి. వచ్చే ఆదివారం అది తొడుక్కుని రండి. గడప మా ఇంటికి ఉంది గానీ తూముకి లేదు.

ఇట్లు
మీ మామ అప్పలసూరి

తా.క.: ఒక సైజు పెద్దది తీసుకోమని మా అమ్మ రాయమంది. చిలకమ్మ గొడుగు ఆవిడ దాచేసింది.