ఫుట్‌బాల్ వయసు

మామయ్యగారికి,

ఈ ఉదయం బడి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడానికి బయలుదేరుతూ, అక్క తన బూటు లేసు నన్ను కట్టమంది. ఆమె ఎడమ చెయ్యి వాచిపోయి వేళ్లు ముడుచుకోవడం లేదు.

అక్క రొమ్ములో గడ్డ సంగతి మీకు తెలుసు. ఇక్కడ బెనిన్ సిటీ ఆసుపత్రిలో డాక్టరు రెండుసార్లూ చీటీ మీది వయసు చూసి, "ముప్పై నాలుగేళ్లకు ఇవి మామూలే, అందులోనూ ఆటగత్తెవి" అని బిళ్లలిచ్చి పంపేశాడు. అసలు వయసు నలభై రెండని నేను చెబితే నవ్వాడు. "ఏమ్మా, అక్కంటే అంత కుళ్లా?" అన్నాడు. అక్క కూడా నవ్వేసింది.

బయటికొచ్చాక కసిరింది. "నోరు మూసుకోవే పుస్తకాల పురుగా! ఆ జూనియర్ కప్పు నేనొక్కదాన్నే గెలిచానా? నా వయసు బయటపడితే పతకాలు అందరి దగ్గరా లాక్కుంటారు. చెప్పనని మామయ్యకు మాటిచ్చాను."

ఇరవై ఏళ్లలోపు జట్టులో చేర్చడానికి ఎనిమిదేళ్లు తగ్గించింది మీరే. ఆ వయసుతోనే దేశానికీ, స్వీడన్ క్లబ్బుకూ ఆడింది. నేను తప్పు పట్టడం లేదు. నా కాన్వెంటు చదువు ఆ ఆట డబ్బు మీదే సాగింది. కానీ ఇప్పుడు ఆట అయిపోయింది. మీరొచ్చి ఆ మాట నుంచి ఆమెను విడిపించండి. డాక్టరుతో మీరే చెప్పండి. పెద్దవారు చెబితే గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపుతాడు.

రుజువు అడిగితే నన్నే చూపించండి. అక్కా అని పిలుస్తున్నాను గానీ, నన్ను కన్ననాడు ఆమెకు పద్దెనిమిదేళ్లు. కాగితాల ప్రకారం పదేళ్లు.