మగ్గం మీది అంచు

ధర్మవరం

ఓబులేసు బావకు,

నిన్ను మన నేతగాళ్ల గ్రూపులోంచి తీసేసింది నేనే. ఫోన్లో నీ గొంతు వినలేక కాగితం మీద రాస్తున్నాను.

పోయినేడు ఫేస్‌బుక్‌లో నేను పెట్టిన చీర అంచు చూసి మరమగ్గాలవాళ్లు నెలలోపే నేసి అమ్ముకున్నారు. అందుకే కదా, ముప్పై ఇళ్ల నేతగాళ్లం అక్కడ మానేసి ఈ చిన్న గ్రూపు పెట్టుకున్నాం! చీర మగ్గం దిగేదాకా ఫోటో బయటికి పోకూడదని కట్టుబాటు పెట్టింది నువ్వే. నా కొత్త అంచును పోయిన నెల ఫేస్‌బుక్‌లో పెట్టిందీ నువ్వే. అడిగితే, "ఏం మరదలా, మూడువేల లైకులొచ్చినాయి, సంతోషపడు" అంటావా? సిగ్గులేదూ?

నిన్న హిందూపురం బజారులో ఆ అంచు చీరలు గుట్టలుగా పోశారు. ఆ అంచు నీ కూతురు భారతి పెళ్లిచీరకని నేస్తున్నాను బావా. ఇంకా మగ్గం మీదే ఉంది. పెళ్లికొచ్చే ఆడవాళ్లంతా అదే కట్టుకొస్తారు. వాళ్లలో పెళ్లికూతురెవరో ఆ లైకులు కొట్టినవాళ్లనే అడుగు.

నీ మరదలు