ఆవిడ ఊ అనకముందే

అక్కా,

నేను కులాసా, బెంగ పెట్టుకోకు. చేతి గాజు ఆకారంలో ఉన్న ఉక్కు గొట్టంలో సూర్యుడిలా మండే ప్లాస్మా అనే వాయువుకు గడ్డకట్టిన హైడ్రోజన్ ముక్కలు మేపడం నా పని. అది గోడను తాకకుండా అయస్కాంతాలతో అదుపు చేసేది పక్క కుర్చీలో ఆవిడ. ఆవిడ "ఊ" అంటేనే నేను ముక్క వదలాలి. నాకంటే రెండేళ్లు వెనక చేరింది. మొన్న ప్లాస్మా నిమిషం పాటు నిలిస్తే చప్పట్లన్నీ ఆవిడకే. మేపింది నేను, మెప్పు ఆవిడకి! ఒళ్లు మండి, నిన్న ఊ అనకముందే పెద్ద ముక్క వదిలేశాను. ప్లాస్మా చల్లబడి చప్పున ఆరిపోయింది. పెద్దసారు కేకలేస్తుంటే ఆవిడే లేచి, "నేనే ఊ అన్నానండీ, తొందరపడ్డాను" అంది. నా వంక చూడనైనా లేదు. ఆ మంచిపేరు కూడా ఆవిడకే దక్కిందని మళ్లీ కుళ్లుకున్నాను.

నా ఉన్ని స్వెట్టర్ పంపు, యంత్రాల గదిలో చలి. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారికి నమస్కారాలు.

కాగితం మూల కాస్త ఖాళీ ఉంది. చిన్నప్పుడు పోటీకి పంపాల్సిన నీ బొమ్మ మీద నీళ్లు ఒలకబోసింది నేనే. పిల్లి పనని అమ్మతో చెప్పింది నువ్వు. మనింట్లో పిల్లే లేదు కదక్కా.

నీ తమ్ముడు