అమ్మ మట్టిమూత

మన్నూబియా అక్కా, నీ చేతులు కళ్ళకద్దుకుని నీ తమ్ముడు రాస్తున్నాడు.

ముందు సంతోషం విను! మన దోర్రా కుట్టుపని మానేసి మొదలుపెట్టిన నారింజపూల నీళ్ళు ట్యూనిస్‌లో పెద్ద మిఠాయికొట్టు వాళ్ళకి నచ్చాయి. శుక్రవారానికి నలభై సీసాలు కావాలన్నారు, బాగుంటే ఏటా దాని దగ్గరే కొంటారట! నా కూతురక్కా! నాబుల్ బజారులో కనబడ్డవాళ్ళందర్నీ ఆపి మరీ చెప్పాను.

ఆ సంబరంలోనే కొంప ముంచాను. సాయం చేద్దామని, పూలు కాచే రాగిబిందె మీద ఆవిరి పట్టే మట్టిమూతని సబ్బుతో తోమాను. మట్టి సబ్బంతా తాగేసింది. ఎన్నిసార్లు కాచినా అదే వాసన. "నాన్నా, ఇవి పూలనీళ్ళా, చాకిరేవు నీళ్ళా?" అని నవ్వబోయి ఏడ్చేసింది పిల్ల. తోమింది నేనేనని ఇంకా చెప్పలేకపోతున్నాను. కొత్త మూత కొంటే నాలుగైదుసార్లు కాచేదాకా మట్టివాసన పోదు. పొద్దున కోసిన పువ్వు సాయంత్రానికి కాచకపోతే గడ్డితో సమానం. ఈ ఏటి పూలు ఇంకో వారమే.

వాడి వాడి వాసన పోయిన మూత నీ దగ్గరున్న అమ్మదొక్కటే. అమ్మ పోయిన నలభయ్యో రోజున దానికోసం నిన్ను అందరి ముందూ దొంగ అన్నాను. "ఈ మూత ఇక నీ గుమ్మం తొక్కదు" అన్నావు. అక్కా, అమ్మ దాన్ని నీకే ఇచ్చింది. నా కళ్ళ ముందే ఇచ్చింది.

ఉత్తరం తెచ్చిన డ్రైవరు హమ్మూదా నీ గుమ్మంలోనే ఆగి ఉంటాడు. మూత ఒక్కదాన్నే పంపకు. ఒళ్ళో పెట్టుకుని నువ్వే రా. నీ చేత్తోనే పొయ్యిమీద పెట్టు, నీ చేత్తోనే తీసుకెళ్ళు. ఇవాళ కోసిన పూలు నీడలో పరిచి ఉంచాం.